గుండం నిప్పుల ముందు సోనీ ఏ7ఎస్ 3

2020లో వచ్చిన కెమెరా ఇది. అనంతపురం చుట్టుపక్కల పెళ్లిళ్లు, జాతరలు తీస్తూ దీన్ని బాగానే అరగదీశా. చీకట్లో బాగా తీస్తుందని అందరూ చెప్పేదే, నిజమే. చీకటి నడుమ నిప్పు ఉన్నప్పుడే దీని సంగతి తేలేది.

మొహర్రంకు అనంతపురం జిల్లా గూగూడులో లేచే కుళ్లాయిస్వామి పీర్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కణకణలాడే గుండం, ఆ వెలుగే దిక్కైన మొహాలు, పైన తళుక్కుమనే పీర్లు, ఇవి చాలవన్నట్టు పక్కింటి మిద్దె మీంచి ఎవరో కొట్టే ఫోకస్ లైటు.

తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతి ఎస్-లాగ్3. అందులో దీనికి బేస్ ఐఎస్‌ఓలు, అంటే సెన్సర్ శుభ్రంగా పనిచేసే వెలుగు-స్పందన అంకెలు, రెండు: 640, 12800. నడుమ 8000 పెడితే అంకె చిన్నదే గానీ నీడల్లో గ్రెయిన్ (చుక్కలు) 12800 కంటే ఎక్కువ కనబడుతుంది. అందుకే పొద్దు మునిగాక నేరుగా 12800కే పోతా. వెలుగు ఎక్కువైతే అపర్చర్ మూస్తా, లేదంటే లెన్సు ముందు వెలుగు తగ్గించే నల్లద్దం, ఎన్‌డీ ఫిల్టర్, తగిలిస్తా. ఈ కెమెరా లోపల ఎన్‌డీ ఉండదు, మనమే కొనుక్కోవాలి.

ఇక జీబ్రా, అంటే వెలుగు మితిమీరిన చోట తెర మీద చూపించే చారలు. ఎస్-లాగ్3లో తెలుపు 94 శాతం దగ్గర నిండిపోతుంది కాబట్టి 94 ప్లస్ పెట్టుకుంటే ఫోకస్ లైటు, వెండి తళుకు పట్టేస్తుంది. నిప్పు దగ్గర మాత్రం దాన్ని నమ్మొద్దు. జీబ్రా చూసేది మొత్తం వెలుతురును. అందులో ఎరుపు వాటా ఐదో వంతే. ఎర్ర చానల్ ఒక్కటే నిండిపోయినా తెర మీద ఒక్క గీత కనబడదు. ఇంటికొచ్చి చూస్తే బొగ్గుల్లో వివరం పోయి ఒకే నారింజ ముద్ద! ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లను విడివిడిగా చూపే గ్రాఫు, ఆర్‌జీబీ పరేడ్, కెమెరా లోపల లేదు. బయటి మానిటర్‌లో చూసి, ఎర్ర గీత పైకప్పుకు తగలకుండా దించుకుంటా. మొహాలు కాస్త నల్లగా వస్తాయి, రానీ. రంగుల మెట్లు ఎక్కువుండే 10 బిట్ ఫైల్ కాబట్టి నీడల్ని తర్వాత లేపొచ్చు, కాలిపోయిన నిప్పు మాత్రం తిరిగి రాదు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలను. మరీ 2500 కెల్విన్‌కు దించితే నిప్పు పాలిపోతుంది, నీలం చానల్‌ను లాగి పెంచడంతో నీడల్లో చుక్కలు లేస్తాయి. 4300 దగ్గర నాకు బాగుంది.

సెకనుకు 25 ఫ్రేములకు షట్టర్ 1/50 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబులైట్లు మినుకుమినుకుమనవు. స్లో మోషన్‌కు 120 ఫ్రేముల్లో నిప్పురవ్వలు లేవడం తీస్తే ఎంత బాగుంటుందో! అదే ఫ్రేములో సీరియల్ లైట్లు పడితే మటుకు ఆ మినుకుకు కళ్లు తిరుగుతాయి.

ఫొటోలకూ ఇదే చాలంటారా? 12 మెగాపిక్సెళ్లే. ఫ్లెక్సీకి సరిపోతుంది. గుంపు ఫొటోలోంచి మా మామ మొహం ఒక్కటే పెద్దది చేసివ్వన్నా అంటే మాత్రం రాదు.