తాగుబోతు రచయితను తెర మీద చూడాలంటే ఏది మేలు?

అక్కినేని కళ్లు సగం మూసి ‘జగమే మాయ’ అన్నది 1953లో. అప్పటి నుంచీ తెరమీద తాగేవాడి వెనక ఒక విఫలప్రేమ ఉండి తీరాలని మనం తీర్మానించుకున్నాం. అందుకే 1987లో వచ్చిన ‘బార్‌ఫ్లై’ మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. అందులో రచయిత హెన్రీ చినాస్కీ ఎందుకు తాగుతాడో చెప్పడు. అడిగేవాళ్లూ లేరు.

ఈమధ్య చిక్కడపల్లిలో నా గదిలో రెండు రాత్రులు కూర్చుని ఈ బాపతు సినిమాలు మూడు వరసగా చూశాం. నాతో ఉన్నవాడు కథలు రాస్తాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు, మానేసి మూడేళ్లయింది. ఏది మేలన్న తగవు అక్కడే మొదలైంది.

నా ఓటు ‘బార్‌ఫ్లై’కి. రాసింది అమెరికా కవి, నవలాకారుడు చార్లెస్ బుకోవ్‌స్కీ. చినాస్కీ అంటే దాదాపు ఆయనే. దర్శకుడు బార్బే ష్రోడర్ ఈ సినిమాకు డబ్బు పెట్టించడానికి నిర్మాణసంస్థ ఆఫీసుకు కరెంటు రంపం పట్టుకెళ్లి, ఒప్పుకోకపోతే వేలు కోసుకుంటానన్నాడు. ఒప్పుకున్నారు. సినిమా కూడా ఆ బాపతుదే. చినాస్కీగా మికీ రూర్క్ దెబ్బలు తిన్న మొహంతో, మహారాజు ఊరేగింపులో ఉన్నట్టు నడుస్తాడు. బారు వెనక సందులో బార్‌టెండర్‌తో రాత్రిళ్లు కొట్టుకుంటాడు. గదికొచ్చి, రేడియోలో శాస్త్రీయ సంగీతం పెట్టుకుని, కాగితం ముక్కల మీద పెన్సిలుతో రాస్తాడు.

ఒక్క కంకుల ఘట్టం చాలు. ఫే డనవే వేసిన హెన్రీ ప్రియురాలు వాండా దారి పక్కన మొక్కజొన్న చేను చూసి ఆగలేక కంకులు విరుస్తుంది. అవి పచ్చివని హెన్రీ చెప్పినా వినదు. తీరా గదికి తెచ్చాక నోట పెట్టుకోలేకపోతుంది. ట్యాంక్‌బండ్ మీద బొగ్గుల్లో కాల్చి, ఉప్పూకారం నిమ్మచెక్క రుద్దిన కంకి తిన్నవాళ్లకు ఆమె దుఃఖం ఎంత పెద్దదో తెలుస్తుంది. నవ్వొస్తుంది, వెంటనే ఎందుకు నవ్వామా అనిపిస్తుంది.

‘ఫాక్టోటమ్’లోనూ అదే చినాస్కీ. బుకోవ్‌స్కీ 1975 నవల ఆధారంగా నార్వే దర్శకుడు బెంట్ హామర్ 2005లో తీశాడు. ఐసు చేరవేయమని పంపితే, చినాస్కీ వేసిన మాట్ డిలన్ బారులోనే కూర్చుండిపోతాడు, బయట బండిలో ఐసు కరుగుతుంటుంది. ఉద్యోగాలు పోతుంటాయి, కథలు పత్రికలకు వెళుతుంటాయి. గొంతు పెంచని హాస్యం. పత్రికకు కథ పంపి నెలల తరబడి పోస్టుమాన్ కోసం చూసినవాళ్లకు ఇదే దగ్గరగా ఉండవచ్చు. నాకు మాత్రం రెండోసారి చూస్తే కాస్త నీరసం వచ్చింది.

‘బార్‌ఫ్లై’ సగంలో మావాడు లేచి టీ పెట్టడానికి వెళ్లాడు. “ఇందులో మర్నాడు పొద్దున్న ఎక్కడరా? చెయ్యి వణికినవాడు ఒక్కడైనా ఉన్నాడా?” అని వంటగదిలోంచి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అతని ఓటు 1945 నాటి ‘ది లాస్ట్ వీకెండ్’కు. బిల్లీ వైల్డర్ తీసింది, ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. అది హాస్యం కాదని నా వాదన. రచయిత డాన్ బర్నమ్ సీసాను కిటికీ బయట తాడుకు వేలాడదీస్తాడు, ఇంకోటి పైకప్పు దీపంలో దాచి ఎక్కడ పెట్టాడో మరిచిపోతాడు. చివరికి టైప్‌రైటరు తాకట్టు పెట్టడానికి బయలుదేరతాడు. న్యూయార్క్ థర్డ్ అవెన్యూ పొడుగునా ఏ తాకట్టు దుకాణం చూసినా మూసే ఉంటుంది. ఆ రోజు యూదుల ఉపవాస పర్వదినం యోమ్ కిప్పూర్, యూదుల దుకాణాలు తెరవరు. మరి ఐరిష్ వాళ్ల దుకాణాలు? వాళ్లూ తెరవలేదు. వాళ్ల పండగకు వీళ్లు, వీళ్ల పండగకు వాళ్లు మూసేలా ఒప్పందం ఉందట!

ఇక్కడ మావాడు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఒక అక్టోబరు 2న తాను నారాయణగూడ నుంచి ముషీరాబాద్ మీదుగా సికింద్రాబాద్ దాకా వైన్ షాపుల షట్టర్లు చూసుకుంటూ నడిచాడట. గాంధీ జయంతికి అన్నీ మూస్తారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. “తెలుసు. అయినా ఒక్కటైనా తెరిచి ఉంటుందేమోనని” అన్నాడు. చేతిలో తాకట్టుకు టైప్‌రైటరు లేదు, సంచిలో సగం రాసిన కథ ఉందట.

కాబట్టి, నవ్వుకోవడానికే అయితే ‘బార్‌ఫ్లై’. ఒక్కటే చూసే తీరిక ఉన్నా అదే. కానీ ఇంట్లో మానేసినవాళ్లో, మానాలనుకునేవాళ్లో పక్కన ఉంటే వైల్డర్ సినిమా పెట్టండి. నవ్వాలో వద్దో వాళ్లే చూసుకుంటారు. ‘ఫాక్టోటమ్’ వానాకాలం మధ్యాహ్నానికి అట్టిపెట్టుకోండి.

మావాడు ఆ షట్టర్ల ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. ఈసారి నవ్వలేదు, టీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు.