కొలిచి చూడటమా, బిగించి చూడటమా?

పడవ ట్రాన్సమ్ (వెనక గోడ) రిపేరు అయ్యాక స్టెర్న్‌డ్రైవ్ (లోపలి ఇంజిన్‌తో తిరిగే, ఆ గోడకు బయట బిగించే ప్రొపెల్లర్ యూనిట్) మళ్లీ సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడటానికి రెండు దారులు. ఒకటి, ముందే కాలిపర్‌తో ట్రాన్సమ్ మందం కొలవడం. రెండోది, సీలెంట్ పూయకుండా గింబల్ హౌసింగ్ (డ్రైవ్‌ను పట్టి ఉంచే బయటి భాగం), ట్రాన్సమ్ లోపలి ప్లేటు ఉత్తినే బిగించి చూడటం.

కొలతకు ఖర్చు లేదు. మెర్‌క్రూజర్ బ్రాండు డ్రైవ్‌లకైతే మందం 51 నుంచి 57 మి.మీ. మధ్య ఉండాలి, లోపలి, బయటి ముఖాలు సమాంతరంగా ఉండాలి, అంటే చోటు చోటుకీ మందంలో తేడా 3 మి.మీ. దాటకూడదు. డ్రైవ్ కోసం ట్రాన్సమ్‌లో కోసిన కటౌట్ చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల కొలవండి. కొత్త ప్లైవుడ్ మీద ఫైబర్‌గ్లాస్ పొరలు ఒక మూల ఎక్కువ పడటం మామూలే. పెయింటు వేయకముందే తెలిస్తే గ్రైండర్‌తో పోయేది, తర్వాతైతే ఏడుపే.

అయితే అంకెలన్నీ సరిపోయినా ఇంజిన్ డ్రైవ్‌తో ఒకే వరుసలోకి రాకపోవచ్చు. ఇంజిన్ మౌంట్ల (ఇంజిన్‌ను మోసే ఆధారాల) కింది చెక్క కూడా మార్చి ఉంటే మరీను. ఇక్కడ బిగించి చూడటమే గెలుస్తుంది. ఇంజిన్ పెట్టి, గ్రీజు రాసిన అలైన్‌మెంట్ బార్‌ను (వరుస సరిచూసే కడ్డీని) గింబల్ హౌసింగ్‌లోని బేరింగ్ గుండా, ఇంజిన్ తిప్పే బలాన్ని డ్రైవ్‌కు అందించే కప్లర్ పళ్లలోకి తోయాలి. రెండు వేళ్లతో జారాలి. సుత్తి అవసరమైందంటే ఇంజిన్ ముందువైపు మౌంట్లు పైకో కిందకో సర్దాల్సిందే. అలాగే బిగిస్తే కప్లర్ పళ్లు అరిగిపోతాయి.

బరువైన పని, ఇంజిన్ రెండుసార్లు ఎత్తాల్సి రావచ్చు. అందుకే నేనైతే కొలత తప్పితే బిగింపు జోలికే వెళ్లను. కొలత కుదిరినా, బార్ జారేదాకా సీలెంట్ ట్యూబు మూత తియ్యను.