పాత డ్రమ్ ట్రిగ్గర్లు కొంటున్నారా? మాడ్యూల్ రెండో ఇన్‌పుట్ చూడకుండా డబ్బు పంపకండి

పెళ్లిళ్లకు, చర్చి కూటాలకు, కాలేజీ వేడుకలకు డ్రమ్స్ వాయించే ప్రతి ఒక్కరూ ఇది చదవండి. పాత సంగీత పరికరాలు కొని అమ్మే ఆ వ్యాపారి ఎవరో మీలో చాలామందికి తెలుసు. నీలం తివాచీ మీద డ్రమ్స్ పెట్టి వీడియోలు తీసేది ఆయనే. పేరు రాయను. నిన్న సాయంత్రం అదే తివాచీ మీద మరో ట్రిగ్గర్ మాడ్యూల్ (డ్రమ్‌కు బిగించిన ట్రిగ్గర్ అనే సెన్సర్ దెబ్బను పట్టి పంపితే శబ్దం పలికించే పెట్టె) అమ్మకానికి పెట్టారు. అది చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

నేను ఆయన దగ్గర తీసుకున్నది రోలాండ్ టీఎం-2 మాడ్యూల్, కిక్‌కు (పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్) ఒక ట్రిగ్గర్, స్నేర్‌కు (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) ఒకటి, రెండు కేబుళ్లు. మొత్తం 21 వేలు. నాలుగు కార్యక్రమాల సంపాదన అది. ఎందుకు తీసుకున్నానో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఫంక్షన్ హాళ్లలో కిక్ మైకు కాస్త పెంచితే చాలు, హాలంతా గుయ్‌మంటుంది. తగ్గిస్తే కిక్ వినపడదు. ట్రిగ్గర్‌తో ఆ బాధ ఉండదు. దెబ్బ పడగానే లోపలి పీజో బిళ్ల ఆ అదురును చిన్న విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, మాడ్యూల్ దాన్ని అందుకుని మనం ఎంచుకున్న శబ్దాన్ని పలికిస్తుంది, అది డీఐ బాక్స్ (సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) మీదుగా నేరుగా మిక్సర్‌కు వెళ్తుంది. స్పీకర్ల శబ్దం తిరిగి లోపలికి రావడానికి అక్కడ మైకే లేదు.

సరుకు వచ్చింది శుక్రవారం రాత్రి. అపార్ట్‌మెంట్‌లో ఆ వేళ డ్రమ్స్ వాయించలేను. స్నేర్ ట్రిగ్గర్‌ను మొదటి ఇన్‌పుట్‌కు కలిపి వేలితో తట్టాను, హెడ్‌ఫోన్‌లో పలికింది. కిక్ ట్రిగ్గర్‌ను కూడా తీసి దానికే కలిపాను, అదీ పలికింది. రెండింటినీ ఒకేసారి కలిపి చూడలేదు. ఐదు నిమిషాల పని అది. ఆ ఐదు నిమిషాలు పెట్టనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

ఆదివారం ఏలూరులో పెళ్లి రిసెప్షన్. స్నేర్ మొదటి ఇన్‌పుట్‌కు, కిక్ రెండో ఇన్‌పుట్‌కు పెట్టాను. సౌండ్ చెక్‌లో కిక్ బ్రహ్మాండంగా వచ్చింది. సౌండ్ ఇంజనీరు సంతోషించి, ఇక కిక్ మైకు ఎందుకని అడిగితే సరేనని నేనే తీయించాను. రెండో పాట పల్లవి మధ్యలో కిక్ ఆగిపోయింది. కాలు ఆడుతూనే ఉంది, హాల్లో శబ్దం లేదు. చిన్న దెబ్బకు కూడా పలికేలా మాడ్యూల్‌లో సెన్సిటివిటీ పెంచాను, థ్రెషోల్డ్ తగ్గించాను, రాలేదు. ఆ తర్వాత ఇంకా ఘోరం జరిగింది. గాయని నెమ్మదిగా ఆలాపన చేస్తుండగా, నేను పెడల్ మీద కాలు కూడా పెట్టకుండానే, సబ్‌వూఫర్లలోంచి కిక్ రెండుసార్లు ధన్ ధన్‌మని దానంతట అదే పలికింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడి పాట ఆపేసింది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలంతా నావైపు చూశారు. మాడ్యూల్ పక్కన పెట్టేసి, మిగతా రెండు గంటలూ మైకు లేని కిక్‌తో వాయించాను.

మా బృందాన్ని నడిపే అన్నయ్య ఒక్క మాట అనలేదు. నా వాటా డబ్బు పూర్తిగా ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని వరుసగా పరీక్షించాను. కిక్ ట్రిగ్గర్ మొదటి ఇన్‌పుట్‌లో బాగుంది. స్నేర్ ట్రిగ్గర్ రెండో దానిలో మూగబోయింది. కొత్త కేబుల్ వేసినా అంతే. ప్లగ్‌ను పక్కకు నొక్కి పట్టుకుంటే మాత్రం కాసేపు పలికింది. మరునాడు విజయవాడలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. విప్పక ముందే ఆయన ఒక స్క్రూ చూపించారు. దాని తల అరిగిపోయి ఉంది, అంటే ఇంతకుముందే ఎవరో తెరిచారు. లోపల రెండో జాక్ కాళ్ల దగ్గర భూతద్దం పెట్టి చూపించారు. బోర్డు మీది రాగి పొర లేచిపోయింది, దాని మీదుగా వెంట్రుకంత సన్నని తీగ వేసి అతికించారు, చుట్టూ మాడిన గోధుమరంగు మరక. ఆ అతుకు పగిలింది. స్టేజి అదిరినప్పుడల్లా తాకుతూ వదులుతూ ఉంది. ఎవరూ కొట్టని కిక్ పలికింది అందుకే.

అప్పుడు ఆ వ్యాపారికి ఫోన్ చేశాను. డబ్బు పంపే వరకూ నోరారా “తమ్ముడూ” అని పిలిచారు. “నీ దగ్గర లాభం చూసుకుంటానా తమ్ముడూ” అన్నది కూడా ఆయనే. ఇప్పుడు ముందు నేనెవరో గుర్తు రాలేదన్నారు. తర్వాత కేబుల్ తప్పన్నారు. తర్వాత నాకు సెట్టింగులు తెలియవన్నారు. విప్పి చూసిన ఫోటో పంపానని చెప్పగానే ఒక క్షణం ఆగి, మామూలుగా ఇలా అన్నారు: “చూడు బాబూ, అది ఒక్కోసారి రాదని నాకు తెలుసు. అందుకే ధర తగ్గించాను. రెండూ ఒకేసారి పనిచేస్తాయా అని నువ్వు అడగలేదు కదా.”

తెలుసట. తెలిసి అమ్మారు. నేను పెళ్లిలో వాయించడానికి కొంటున్నానని కూడా ఆయనకు తెలుసు, ఏ ఊరో కూడా చెప్పాను. పాత వస్తువు చెడిపోవడం వేరు, దానికి నేను బాధపడను. అతుకు సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదే ధరకు తీసుకుని, ముందే బాగు చేయించుకుని, స్టేజి ఎక్కేవాడిని. డబ్బు వెనక్కి అడిగితే ఫోన్ పెట్టేశారు. ఇప్పుడు నా నంబర్‌ను బ్లాక్ చేశారు.

ఆయన పంపిన వీడియో మళ్లీ మళ్లీ చూశాను. కిక్ వాయించినప్పుడు కేబుల్ మొదటి ఇన్‌పుట్‌లో ఉంది. అక్కడ వీడియో తెగి, మళ్లీ మొదలవుతుంది. స్నేర్ వాయించినప్పుడూ కేబుల్ అదే ఇన్‌పుట్‌లో ఉంది. నా కళ్ల ముందే ఉంది, చూడలేదు.

కొనేటప్పుడు రెండు ట్రిగ్గర్లూ కలిపి, ఆపకుండా తీసిన ఒకే వీడియో అడగండి. ప్రతి జాక్‌లో ప్లగ్‌ను కొద్దిగా కదుపుతూ వాయించమనండి. స్క్రూల తలలు దగ్గరగా చూపించమనండి. మాడ్యూల్ ఎంత మంచిదైనా మొదటి కార్యక్రమంలో కిక్ మైకు తీయకండి, మిక్సర్‌లో ఒక ఛానల్ దానికి వదిలేయండి.

నిన్న పెట్టిన వీడియోలో కూడా కేబుల్ మొదటి ఇన్‌పుట్‌లోనే కనిపిస్తోంది. దానికి ఎవరైనా అడ్వాన్స్ పంపి ఉంటే, మిగతా డబ్బు పంపే ముందు నాకు ఒక మాట చెప్పండి. నా దగ్గరున్న ఫోటోలు, వీడియో మీకు పంపుతాను.