డ్రైవర్‌కి రెండు స్టార్లు, బండి డోర్‌కి సున్నా

చిత్తూరు సైట్ నుంచి రేణిగుంట పక్కకి ల్యాబ్ సామాను మార్చాలని ఈ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళ పికప్ మాట్లాడినాం, పేరు రాయను, రేటు మాత్రం తక్కువే. మాది రోడ్డు పని. సామాన్లో ఒక పసుప్పచ్చ పెట్టె, దాంట్లో న్యూక్లియర్ డెన్సిటీ గేజ్, అంటే రోలర్ తొక్కినాక మట్టి సరిగ్గా అణిగిందా లేదా చెప్పే మిషన్, కడ్డీ కొసలో రేడియేషన్ వదిలే సీజియం-137 ఉంటుంది, తేమ చూసేదానికి అట్లాంటిదే అమెరీషియం-241 వేరే. పెట్టెని గొలుసుతో కట్టాల, డోర్‌కి తాళం ఉండాల అని ముందే చెప్పినా. "అన్నీ ఉండాయి సార్" అన్నాడు ఆఫీసాయన.

వచ్చిన బండికి గొలుసు లేదు, నైలాన్ తాడు. డోర్ గడియకి బోల్టు పోయి కట్టుతీగ చుట్టినారు. అప్పుడే వెనక్కి పంపాల్సింది, లేటవుతుందని ఎక్కించేసినాం, ఆ తప్పు మాదే.

పూతలపట్టు దాటినాక ఏదో స్పీడ్ బ్రేకర్ దగ్గర తీగ తెగింది. పాకాల పక్క టీకి దిగితే పెట్టె లేదు! డ్రైవర్ తమ్ముడు మాత్రం ఒక్క అబద్ధం ఆడలా, టీ కూడా తాగకుండా నాకు ఫోన్ కొట్టి, మా టెక్నీషియన్‌ని ఎక్కించుకుని వచ్చిన దారినే మెల్లగా వెతుక్కుంటా పోయినాడు. దోసకాయలమ్మే తాత పెట్టెని చింతచెట్టు నీడకి లాగి దానిమీదే కూర్చోనుండాడంట. తాళాలు రెండూ ఉన్నట్టే ఉండాయి, కడ్డీ రేడియేషన్ ఆపే షీల్డ్ లోపలే ఉంది, రేడియేషన్ మీటర్ పెట్టి చూస్తే రీడింగ్ మామూలే, అప్పుడు ఊపిరి తీసుకున్నా.

2023 జనవరిలో ఆస్ట్రేలియాలో ఇట్లే గేజ్ బోల్టు ఊడి, 8 మిల్లీమీటర్ల సీజియం బిళ్ళ లారీలోంచి జారిపోయింది. పెర్త్‌కి చేరిన పెట్టెని కొన్ని రోజులు ఎవరూ తెరవలేదు, తెరిచినాక 1400 కిలోమీటర్ల దారిలో వెతికి ఫిబ్రవరి 1న పట్టుకున్నారు. మాకు పెట్టె పెద్దది కాబట్టి సరిపోయింది, తాత పుణ్యం.

ఆఫీసాయనకి ఫోన్ చేస్తే "దొరికింది కదా సార్, బ్యాలెన్స్ ఎప్పుడేస్తారు" అంటాడు. మా సేఫ్టీ ఆఫీసర్ రాత్రంతా కూర్చుని రిపోర్ట్ రాసినాడు. పోయిన వారం తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో అదే బండి కనబడింది, గడియకి కొత్తది వేసినారు, కట్టుతీగే.