ఎం31కి ఆరో ఏడు: బ్యాటరీ మారిస్తే సరిపోతుందా, ఫోనే మార్చాలా?

కొత్త బ్యాటరీ వేశాక ఈ ఫోను మళ్లీ పొద్దున్నుంచి రాత్రి దాకా నిలుస్తోంది. అయినా ఇందులో బ్యాంకు యాప్ ఒక్కటి కూడా లేదు, పెట్టేదీ లేదు. ఆరో ఏట సామ్‌సంగ్ గెలాక్సీ ఎం31 మీద నా తీర్పు ఇదే.

2020 ఫిబ్రవరి నెలాఖరున ఇది మన దేశంలో విడుదలైంది. 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 6.4 అంగుళాల అమోలెడ్ తెర, ఎగ్జినాస్ 9611 చిప్, 6 జీబీ ర్యామ్, 64 మెగాపిక్సెల్ కెమెరా, 15 వాట్ల చార్జర్. రెండు సిమ్ములు వేసినా మెమరీ కార్డుకి ఇంకో గది మిగులుతుంది, ఇయర్‌ఫోన్ జాక్ కూడా ఉంది. పగటి వెలుతురులో తీసిన ఫొటోలకు ఇప్పటికీ పేరు పెట్టనవసరం లేదు. చీకట్లో మాత్రం మొహాలు అలుక్కుపోతాయి, అది కొన్నరోజూ అంతే.

పాత ఫోనులో కనిపించే లోపాలను రెండు కుప్పలుగా పోసుకోవాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో డబ్బులిస్తే బాగయ్యేవి ఒకటి, ఎంతిచ్చినా బాగుకానివి ఇంకొకటి. చాలామంది మొదటి కుప్పను చూసి విసిగి ఫోను మార్చేస్తారు. రెండోదాన్ని తిరిగి కూడా చూడరు.

మొదటి కుప్పలో పెద్దది బ్యాటరీ. ముసలిదైన బ్యాటరీకి రెండు జబ్బులు వస్తాయి. ఒకటి, పట్టే చార్జ్ తగ్గడం. ఇది నెమ్మదిగా వస్తుంది కాబట్టి అలవాటైపోతుంది. రెండోది లోపలి నిరోధం పెరగడం, చిరాకు పెట్టేది ఇదే. కెమెరా తెరిచినప్పుడో, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కాల్ వచ్చినప్పుడో ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధం పెరిగిన బ్యాటరీ ఆ క్షణంలో వోల్టేజీ నిలబెట్టలేదు, ఫోను ఆరిపోతుంది. వాట్సాప్‌లో మెట్రో టికెట్ తీసుకుని అమీర్‌పేట గేటు ముందు క్యూఆర్ చూపించబోతే 22 శాతం ఉన్న ఫోను నల్లబడటానికి కారణం ఇది. ఫోను పాడైందనుకుంటారు గానీ, పాడైంది బ్యాటరీ ఒక్కటే.

కొలవడం కష్టమేమీ కాదు. సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్‌లో బ్యాటరీ స్థితి చూపిస్తుంది, కానీ బాగుందా బలహీనపడిందా అన్న ఒక్క మాటతో సరిపెడుతుంది. లెక్క కావాలంటే చార్జర్‌కీ తీగకీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ మేలు. కొత్త బ్యాటరీలో సుమారు 23 వాట్ అవర్ల శక్తి పడుతుంది (6,000 ఎంఏహెచ్‌ని 3.85 వోల్టులతో హెచ్చించండి). వేడి రూపంలో పోయేది కలుపుకుంటే, ఫోను ఆపేసి సున్నా నుంచి నూరు దాకా చార్జ్ చేసినప్పుడు మీటరు 26 దరిదాపుల్లో చూపించాలి. 18 దగ్గరే ఆగిపోతే మీ బ్యాటరీ 70 శాతానికి దిగినట్టే. మీటరు లేకపోతే 30 శాతం దగ్గర కెమెరా తెరిచి ఐదు నిమిషాలు వీడియో తీయండి. అంకె ఒక్కో శాతమే దిగుతుంటే పర్వాలేదు. ఎనిమిదో పదో ఒకేసారి దూకితే బ్యాటరీ మార్చే వేళయింది.

మార్పించేటప్పుడు దుకాణంలో ముందు అడగాల్సింది ధర కాదు, బ్యాటరీ మీది కోడు. దీనికి పట్టేది ఈబీ-బీఎం207ఏబీవై. ఎం21కీ ఎం30ఎస్‌కీ ఇదే పడుతుంది కాబట్టి ఎం21 బ్యాటరీ ఇచ్చారని గొడవపడొద్దు. ఆ తర్వాత తయారీ తేదీ చూడాలి. లిథియం బ్యాటరీ డ్రాయర్‌లో ఉన్నా ముసలిదవుతుంది. మూడేళ్ల పాత సరుకు సీలు విప్పనిదైనా కొత్తది కాదు. 'ఒరిజినలే భయ్యా' అన్న మాటను ఈ నగరంలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు గనుక, చేత్తో పట్టుకుని పాతదాని పక్కన బరువు చూడండి. కంపెనీ లేబులు, 6,000 అంకె ఉండి, తేలిగ్గా ఉంటే లోపల తక్కువ సరుకు ఉన్నట్టు. ఒక చిన్న దుకాణంలో అంటించిన లేబులు అంచు లేపి చూస్తే కింద ఇంకో లేబులు కనిపించింది. ఎక్కడని పేరు చెప్పను, చూసుకోమని మాత్రం చెబుతాను.

పని మీ ఎదుటే చేయమనండి. ఫోను ఆపి, సిమ్ ట్రే తీశాకే వెనక కవర్ విప్పాలి. ట్రే ఉండగా లాగితే అది వంకరపోతుంది. బ్యాటరీ జిగురుతో అంటుకుని ఉంటుంది. ఇనప స్క్రూడ్రైవర్ కింద దూర్చి పెకలిస్తే బ్యాటరీ వంగి లోపల షార్ట్ అవుతుంది, నిప్పంటుకునేది సాధారణంగా ఇక్కడే. అంచున రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, రెండు నిమిషాలాగి, ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. కవర్ మూశాక లేవకముందే వెనక వేలిముద్ర సెన్సర్, ఫ్లాష్‌లైట్, స్పీకర్, వేగపు చార్జింగ్ చూసుకోండి. డయలర్‌లో *#0*# కొడితే తెర రంగులు, సెన్సర్లు, స్పీకర్ ఒకచోటే పరీక్షించొచ్చు. బ్యాటరీకి, కూలికి కలిపి రెండు వేలు దాటి అడిగితే నేనైతే ఇంకో దుకాణానికి వెళ్తాను. మొదటి రెండు మూడు సార్లు 15 శాతం దాకా వాడి నూరు చేయండి, అప్పుడే శాతం అంకె సరిగా కుదురుతుంది.

కొత్త బ్యాటరీని చంపేది మన ఎండలే. నూరు శాతం చార్జ్, 40 డిగ్రీల వేడి కలిస్తే రసాయనం వేగంగా చెడుతుంది. మే నెలలో బైక్ హ్యాండిల్‌కి బిగించి, మ్యాప్ పెట్టి, పైగా చార్జర్ తగిలించి కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా నడిపితే ఒక్క ప్రయాణంలోనే ఫోను ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. మ్యాప్ కావాలంటే 80 శాతం చార్జ్‌తో బయల్దేరి, దారిలో చార్జర్ పెట్టకండి. వెనక కవర్ ఒకవైపు లేచినా, బల్ల మీద ఫోను ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక చార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, పొడవకూడదు. ఆపేసి తిన్నగా దుకాణానికి పట్టుకెళ్లాలి.

తర్వాతిది చార్జింగ్ పిన్. తీగ వదులైతే ముందు టార్చి వేసి చూడండి. జేబులోని నూలు పోగులు అడుగున గట్టిగా దట్టించుకుని ఉంటాయి, ఫోను ఆపి చెక్క పుల్లతో గీకితే సగం ఫోన్లు బాగవుతాయి. సూది వాడొద్దు. అప్పటికీ కుదరకపోతే సీసీ బోర్డు (చార్జింగ్ పిన్ ఉండే చిన్న బోర్డు) మార్చాలి, అది చిన్న పనే. కానీ మైకు కూడా ఆ బోర్డు మీదే ఉంటుంది. నాసిరకం బోర్డు వేస్తే చార్జ్ ఎక్కుతుంది గానీ అవతలివాళ్లకు మీ మాట బావిలోంచి వస్తున్నట్టుంటుంది. వేయించాక ఒక కాల్ చేసి చూసుకోండి.

తెర పగిలితే మాత్రం లెక్క మారిపోతుంది. చవక కాంబో (తెర, టచ్ గ్లాసు కలిపి వచ్చే భాగం) అమోలెడ్ కాదు, టీఎఫ్‌టీ, అంటే మామూలు ఎల్‌సీడీ. మందం ఎక్కువ కాబట్టి ఫ్రేములో సరిగా కూర్చోదు, నలుపు బూడిదలా కనిపిస్తుంది, బ్యాటరీ ఎక్కువ తాగుతుంది. అసలు కాంబో వేయిస్తే అయ్యే ఖర్చు ఈ వయసు ఫోనుకి దండగ. తెర పోయిన రోజే ఎం31ని వదిలేయండి.

వేగం తగ్గడానికి చాలాసార్లు నిండిన స్టోరేజే కారణం. ఖాళీ తక్కువైతే ఫ్లాష్ మెమరీ పాత గడులు తుడిచి సర్దుకోవడానికే సమయం తింటుంది. 64 జీబీ ఫోనైతే కనీసం 10 జీబీ ఖాళీ ఉంచాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే ఏ గ్రూపు ఎంత తిన్నదో వరసగా కనిపిస్తుంది. ఫ్యామిలీ గ్రూపులోని గుడ్ మార్నింగ్ వీడియోలే పైన ఉంటాయి, పందెం. డెవలపర్ ఆప్షన్స్‌లో యానిమేషన్లను సగానికి తగ్గిస్తే ఫోను చురుగ్గా అనిపిస్తుంది. అనిపించడమే, చిప్ వేగమేమీ పెరగదు.

ఇక డబ్బులిచ్చినా బాగుకాని కుప్ప. ఎం31 ఆండ్రాయిడ్ 10తో వచ్చి 12 దగ్గర ఆగింది. నాలుగేళ్ల భద్రతా అప్‌డేట్లు 2024తో ముగిశాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ తెరిచి సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ దగ్గరున్న తేదీ చూడండి. ఆ తేదీ తర్వాత బయటపడిన కన్నాలేవీ మీ ఫోనులో పూడలేదు. గూగుల్ ప్లే ద్వారా కొన్ని భాగాలకు విడిగా అప్‌డేట్లు వస్తాయి గానీ, చిప్‌ని నడిపించే డ్రైవర్లు, ఆండ్రాయిడ్‌కి అడుగునుండే కెర్నల్ దాని పరిధిలోకి రావు.

ఇక్కడ అందరూ చెప్పని సంగతి ఒకటుంది. మన దగ్గర ఖాతాలు ఖాళీ అవుతున్నది కెర్నల్ కన్నాల వల్ల కంటే, ట్రాఫిక్ చలాన్ అనో, పెళ్లి కార్డు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైళ్ల) వల్ల ఎక్కువ. అది ఎక్కించుకోగానే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది, ఇచ్చామా, తెర మీద కనిపించేదంతా దానికి కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటినుంచి వచ్చిన యాప్‌లకు ఆ అనుమతి నేరుగా దొరక్కుండా అడ్డు పెట్టారు. 12 దగ్గర ఆగిన ఫోనులో ఆ అడ్డు లేదు. అమ్మానాన్నల చేతికి పాత ఫోను ఇచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జాగ్రత్త ఎక్కువ అవసరమైనవాళ్లకు రక్షణ తక్కువున్న ఫోను ఇస్తున్నాం.

కస్టమ్ రామ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కిస్తే సరిపోదా అంటారు. సామ్‌సంగ్‌లో బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే భాగం) తాళం తెరిచి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా ఫ్యూజు శాశ్వతంగా పోతుంది. ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ మళ్లీ రాదు, చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఏ పని కోసం ఎక్కించారో ఆ పనే చెడుతుంది.

5జీ కూడా ఈ కుప్పలోదే. 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో జియో 5జీ ఉంది, ఎయిర్‌టెల్ అంతకు నెల ముందే మొదలుపెట్టింది. 4జీ ఫోనులో కాల్స్‌కి, యూట్యూబ్‌కి లోటేమీ లేదు. కానీ రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లతో వచ్చే అపరిమిత 5జీ మీకు అందదు. అంతే రీచార్జ్ కట్టి పక్కవాడు అపరిమితంగా వాడుకుంటే మీరు 2 జీబీ దగ్గర ఆగిపోతారు. ఇంట్లో వైఫై ఉంటే ఇది పట్టించుకోనవసరం లేదు.

కాబట్టి ఒకటే ఫోను, యూపీఐ, జీతం ఖాతా అన్నీ అందులోనే అంటే మార్చండి, బ్యాటరీ బాగున్నా సరే. రెండో ఫోనుగానో, పిల్లల క్లాసులకో, పాటలకో, హాట్‌స్పాట్‌కో అయితే బ్యాటరీ వేయించి ఉంచుకోండి. 2025 చివర నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి కొత్త ఫోన్ల రేట్లు కూడా ఎగబాకాయి, తొందరపడి కొనే కాలం కాదు.

కొనేటప్పుడు ధరను అప్‌డేట్లు మిగిలిన ఏళ్లతో భాగించి చూడండి. 12 వేల ఫోనుకి రెండేళ్లే మిగిలితే ఏడాదికి 6,000. 18 వేల ఫోనుకి ఐదేళ్లుంటే 3,600. ఏళ్లు లెక్కపెట్టాల్సింది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి. గెలాక్సీ ఏ16 5జీకి, ఏ17 5జీకి ఆరేళ్లు మాట ఇచ్చారు, కానీ ఏ16 వచ్చింది 2024లో, ఏ17 2025లో. ఎం31 నుంచి వెళ్లేవాళ్లు పోగొట్టుకునేవీ ఉన్నాయి: ఇయర్‌ఫోన్ జాక్ ఉండదు, రెండో సిమ్మో మెమరీ కార్డో ఒకటే పెట్టాలి, బ్యాటరీ 5,000, పెట్టెలో చార్జర్ రాదు. ఏ17 కెమెరాలో ఓఐఎస్ (చేయి వణికినా ఫొటో చెదరకుండా లెన్సును కదిపే ఏర్పాటు) ఉంది. బైక్ అదురుకి అది దెబ్బతినొచ్చు కాబట్టి హ్యాండిల్‌కి బిగించే అలవాటుంటే మానుకోండి.

జగదీష్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) తీసుకుని, కేవైఎం అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలు 14422కి ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాకైన ఫోనైతే తెలిసిపోతుంది. డబ్బులు ఆ జవాబు వచ్చాకే.

మారేటప్పుడు సిమ్ చివర్న తీయాలి. ముందు సామ్‌సంగ్ స్మార్ట్ స్విచ్ యాప్‌తో సమాచారం, వాట్సాప్ బ్యాకప్, లాగిన్‌కి అడిగే ఆథెంటికేటర్ కోడ్లు కొత్తదానికి వెళ్లాలి. మెమరీ కార్డు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పాత ఫోనులోనే విప్పేయాలి, లేకపోతే కొత్తదాంట్లో తెరుచుకోదు. యూపీఐకి కొత్త ఫోనులో సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తుంది, మొదటి 24 గంటలు పంపే మొత్తం మీద పరిమితి ఉండొచ్చు, అద్దె కట్టే రోజున పెట్టుకోకండి. పాతదాన్ని వారం దాకా తుడవొద్దు. తుడిచే ముందు సెట్టింగ్స్‌లో గూగుల్, సామ్‌సంగ్ ఖాతాలు రెండూ తీసేయాలి. అది మరిచి రీసెట్ కొడితే కొన్నవాడి చేతిలో ఫోను తాళం పడి, రాత్రి పదింటికి పాస్‌వర్డ్ కోసం మీకే ఫోన్ వస్తుంది.