జాంగో డ్రాప్‌డౌన్: ఆ తొమ్మిది గీతలు ఎప్పుడు మాయమవుతాయి

కొన్నేళ్లుగా జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఫారాలతోనే పని. వాటిలో బాగా నచ్చింది, ఇప్పుడు కాస్త భయపెడుతున్నది కూడా ఒక్కటే: డ్రాప్‌డౌన్ నెత్తిన దానంతటదే వచ్చి కూర్చునే ఖాళీ ఆప్షన్, "---------".

అది లేకపోతే? తెలంగాణ జిల్లాలు 33 అక్షరక్రమంలో పెడితే ముందుండేది ఆదిలాబాద్. ఖాళీ ఆప్షన్ లేనప్పుడు బ్రౌజరు మొదటిదాన్నే పట్టుకుంటుంది. జిల్లా ముట్టుకోకుండా సబ్మిట్ నొక్కినవాళ్లంతా ఆదిలాబాద్ వాళ్లైపోతారు. ఎర్రర్ ఉండదు.

మా దగ్గర దెబ్బ పడింది కొత్త కాలమ్ చేర్చినప్పుడు. ఉన్న మోడల్‌కి (డేటాబేస్ పట్టికకు జాంగోలో రాసే రూపం) ఖాళీ వదలకూడని జిల్లా ఫీల్డ్ కలిపితే, డేటాబేస్ మార్పులు సిద్ధం చేసే మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ రెండు దారులు చూపిస్తుంది: పాత రికార్డులకు ఒక్కసారికి ఏదో విలువ ఇవ్వడం, లేదా బయటికొచ్చి మోడల్లోనే డిఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే పడే విలువ) రాయడం. మేం రెండోది పట్టుకున్నాం. బ్లాంక్ ఫాల్స్‌గా (అంటే ఖాళీ వదలకూడదని) ఉండి డిఫాల్ట్ కూడా ఉంటే జాంగో గీతల ఆప్షన్ పెట్టదు. ఇది డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే. దాంతోపాటు, ఖాళీగా వదిలితే బ్రౌజరు ఆపేలా చేసే రిక్వైర్డ్ గుర్తు కూడా ఎగిరిపోతుంది, ఎందుకంటే మామూలు సెలెక్ట్‌లో (డ్రాప్‌డౌన్‌కి హెచ్‌టీఎంఎల్ పేరు) మొదటి ఆప్షన్ విలువ ఖాళీగా లేకుండా రిక్వైర్డ్ పెట్టడం హెచ్‌టీఎంఎల్ లెక్కన తప్పు. రెండు కాపలాలూ ఒకేసారి పోయినట్టు.

మోడల్లో డిఫాల్ట్ తీసేస్తే రెండూ తిరిగొస్తాయి. కానీ ఈలోపు చేరిన రికార్డుల్లో మనిషి ఎంచుకున్నదేదో, తనంతట పడిందేదో విడదీయలేం. మొదటి దారే పట్టాల్సింది.

గీతల బదులు "జిల్లా ఎంచుకోండి" అని కావాలంటే ఛాయిసెస్‌లో (మోడల్లో రాసే ఆప్షన్ల జాబితా) మొదటి జతగా ఖాళీ స్ట్రింగ్, పక్కన ఆ మాట ఇస్తే చాలు. జిల్లా ఫారిన్ కీ (వేరే పట్టికలోని రికార్డును చూపించే ఫీల్డ్) అయితే ఫారంలో ఎంప్టీ లేబుల్ (ఖాళీ ఆప్షన్‌లో కనిపించే మాట) మార్చాలి. ఖాళీ స్ట్రింగ్ బదులు చాలామంది అలవాటుగా "0" ఇస్తారు, అది మాత్రం వద్దు. జాంగోకి 0 కూడా సరైన జవాబే, నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది.

దానంతటదే వస్తుందన్నాను గానీ, అది మోడల్ నుంచి పుట్టిన ఫీల్డులకే. ఫారంలో చేత్తో రాసిన ఛాయిస్ ఫీల్డ్‌కి ఏమీ రాదు, మనమే చేర్చాలి.

మావి జాంగో టెంప్లేట్లతోనే నడిచే పేజీలు కాబట్టి ఈ సౌకర్యం వదులుకోను. బ్రౌజరు వైపు రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పెట్టుకున్నవాళ్లకి ఇందులో పెద్దగా దక్కేదేమీ లేదు, ఆ ఖాళీ ఆప్షన్ వాళ్లే రాసుకోవాలి.