తలకోన దారిలో ఫార్మ్ స్టేకి అడ్వాన్స్ వేసినవాళ్ళు, వేయబోయేవాళ్ళు ఇది చదవండి

నిన్న శనివారం జరిగిన సంగతి. ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, అందుకే ముందు అసలు మాట చెప్పేస్తా. తలకోన దారిలో ఆ ఫార్మ్ స్టే ఉంది కదా, నెల రోజులుగా తిరుపతిలో అందరి ఫోన్లలోనూ దాని రీలే తిరుగుతోంది, నీలం నీళ్ళ పూల్, వెనక కొండ, చెట్టుకు కట్టిన ఉయ్యాల, అదే. దానికి 6,600 రూపాయలు అడ్వాన్స్ పోయింది. గది తాళం కూడా చేతికి రాలేదు. పిలకాయల్ని కార్లో పెట్టుకుని గేటు దగ్గర్నుంచే వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

గురువారం రాత్రి బుకింగ్, అంతా వాట్సాప్‌లోనే. నలుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు. పూల్ పక్కనే రెండు ఏసీ రూములు, శనివారం మధ్యాహ్నం 12 నుంచి ఆదివారం 11 దాకా. రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, పొద్దున టిఫిను. పదేళ్ళ లోపు పిల్లలకు డబ్బులు లేవు. మొత్తం 11,000, అందులో 60 శాతం ముందే వేయాలన్నారు. వేసినాం.

గేటు దగ్గర మేనేజరు ఒక నోటు పుస్తకం తెచ్చి కారు బానెట్ మీద పెట్టి రాసిన లెక్క ఇది. రూములకు 11,000. పిల్లలకు తలా 900 చొప్పున 2,700. పూల్లో దిగాలంటే వాళ్ళ డ్రెస్సే వేసుకోవాలంట, ఏడుగురికి తలా 150 చొప్పున 1,050. పోయేటప్పుడు తిరిగిస్తామని డిపాజిట్ 2,000. మొత్తం 16,750. మేము వేసిన 6,600 తీసేస్తే ఇంకా 10,150 కట్టాలి, అదీ లోపలికి అడుగు పెట్టకముందే. పైగా పూల్ పక్క రూములు ఏదో బర్త్‌డే ఫంక్షన్‌కి ఇచ్చేసినారంట. మాకు వెనక వైపు రేకుల షెడ్డులో రెండు గదులు. ఏసీ లేదు, ఒక్కో గదికి ఒక టేబుల్ ఫ్యాను.

"ఇట్లా చెప్పలేదు కదన్నా, మెసేజ్‌లో పూల్ సైడ్ అని రాసినారు" అంటే, "ఏదీ, చూపించండి సార్" అన్నాడు. ఫోన్ తీసి చాట్ తెరిచినాం.

ఏమీ లేదు. గురువారం రాత్రి వాళ్ళ వైపు నుంచి వచ్చిన ప్రతి మాట ఉండాల్సిన చోట 'ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది' అనే బూడిద రంగు గీత. 'పిల్లలకు ఏమైనా చార్జి ఉందా అన్నా' అని మా ప్రశ్న ఉంది, దాని కింద గీత. 'రెండు రూములూ పూల్ పక్కనే కదా' అని ఉంది, కింద గీత. పంపిన రూము ఫోటోలు నాలుగూ గీతలే. మా ప్రశ్నలు, మా 'ఓకే అన్నా', మేము డబ్బు వేసిన స్క్రీన్‌షాట్, ఇవి మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్ళ మెసేజ్‌లన్నిట్లో చెరపకుండా వదిలింది ఒకే ఒక్కటి: 'అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు.'

ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి అందరి ముందూ గట్టిగా చదివినాడు. "ఇది ఉంది కదా మేడం, చదువుకున్నోళ్ళే కదా మీరు?" అన్నాడు. చిన్నోడు అప్పటికే నడుముకు ట్యూబు తగిలించుకుని గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోలీసులకు చెప్తామంటే, "ఆరు వేలకు ఏ స్టేషన్‌కి పోతారో పోండి" అని పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయినాడు. డబ్బు కంటే ఆ మాట, ఆ గొంతు ఎక్కువ బాధ పెట్టింది. ఏదో పొరపాటున రూములు మారినాయంటే అర్థం చేసుకోవచ్చు. కూర్చుని, ఒక్కో మెసేజ్ ఎంచుకుని, తమకు పనికొచ్చేది ఒక్కటి ఉంచి మిగతావి చెరిపినారంటే అది ముందే అనుకుని చేసిన మోసం.

ఇది ఎట్లా కుదురుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది ఈ ఒక్క చోటుతో ఆగే పని కాదు. వాట్సాప్‌లో పంపినవాళ్ళు తమ మెసేజ్‌ని ఇద్దరి ఫోన్లలోనూ పోయేట్టు చెరపడానికి రెండు రోజుల పన్నెండు గంటల దాకా సమయం ఉంటుంది. గురువారం రాత్రి మాట్లాడి శనివారం మధ్యాహ్నం దిగేవాళ్ళు ఆ గడువు లోపలే ఉంటారు. వారాంతానికి అప్పటికప్పుడు అనుకుని బయల్దేరే కుటుంబాలన్నీ అంతే. పది రోజుల ముందు బుక్ చేసుకున్నవాళ్ళ మెసేజ్‌లు ఇట్లా చెరపలేరు. మెసేజ్‌కి స్టార్ పెట్టుకున్నా లాభం లేదు, అదీ పోతుంది. ఫోటోలు గ్యాలరీలో దిగినాయి కదా అని ధైర్యంగా ఉండొద్దు, చాలా ఫోన్లలో అక్కడి నుంచీ పోతాయి. నిలిచేవి రెండే: మీరు తీసుకున్న స్క్రీన్‌షాట్, ఇంకొకరికి మీరు ఫార్వర్డ్ చేసిన కాపీ. మీ కాపీని వాళ్ళు ముట్టుకోలేరు. గురువారం రాత్రే ఆ చాట్‌ని ఇంట్లో ఇంకొకరి నంబరుకు ఫార్వర్డ్ చేసుంటే నిన్న గేటు దగ్గర నోరు మూయించి ఉండేవాళ్ళం. అరనిమిషం పని. చేయలేదు, ఆ తప్పు మాదే.

ఇప్పటికే చెరిపేసి ఉంటే రెండు దారులున్నాయి, రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనే. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంటే గత 24 గంటల్లో వచ్చిన మెసేజ్‌ల ముక్కలు అక్కడ కనిపిస్తాయి. ఈ రోజు ఆన్ చేస్తే నిన్నటివి రావు, కాబట్టి ఇప్పుడే ఆన్ చేసి పెట్టుకోండి. రెండోది, వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోన్లోనే ఒక బ్యాకప్ రాసుకుంటుంది, గత ఏడు రోజులవి ఉంచుతుంది. మెసేజ్ చెరపకముందు తేదీ ఉన్న ఫైలుతో చాట్‌ని తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే ఆ తేదీ తర్వాత వచ్చినవి పోతాయి, యాప్ తీసేసి మళ్ళీ వేయాలి, చేయి తిరిగిన వాళ్ళతోనే చేయించండి. మా ఫోన్లో గురువారం రాత్రి మెసేజ్‌లు శుక్రవారం తెల్లవారుజాము ఫైలులో ఉండాలి, అది ఈ రాత్రికి చేయిస్తున్నాం.

డబ్బు సంగతి. అడ్వాన్స్ వేసింది షాపు క్యూఆర్‌కి కాదు, ఒక మనిషి పేరు మీద ఉన్న మామూలు ఫోన్ నంబరుకి. అక్కడే ఆగాల్సింది. డబ్బు పంపే ముందు తెర మీద బ్యాంకులో ఉన్న అసలు పేరు వస్తుంది. అది ఫార్మ్ స్టే బోర్డు మీది పేరు కాకపోతే ఎందుకని అడగండి. యూపీఐలో ఒకసారి అవతలి ఖాతాలో పడిన డబ్బును బ్యాంకు తనంతట తాను వెనక్కి తెచ్చి ఇవ్వదు. ఇంకో చిన్న పని, ఎవరూ చేయరు గానీ చాలా పనికొస్తుంది: డబ్బు వేసేటప్పుడు కింద నోట్ రాసే చోటు ఖాళీగా వదలొద్దు. 'పూల్ సైడ్ 2 రూములు శని, పిల్లలు ఫ్రీ' అని రాయండి. చాట్‌లో మెసేజ్ లాగా అది చెరిగేది కాదు. దాంతో పాటు డబ్బు పంపినాక రసీదులో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు కూడా రాసి పెట్టుకోండి, ఎక్కడ ఫిర్యాదు చేసినా ముందు అడిగేది అదే.

జీఎస్టీ అని పైన ఇంకొంత కలిపితే నంబరు అడగండి. 15 అక్షరాలు ఉంటుంది, మన రాష్ట్రంలో నమోదైనది 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొట్టి ఎవరి పేరు మీద ఉందో చూడొచ్చు. చిన్న వ్యాపారాలకు నంబరు లేకపోవచ్చు, అది తప్పు కాదు. నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేయడం తప్పు.

ఇంక పూల్. దీని గురించి పిల్లలున్న వాళ్ళకు కచ్చితంగా చెప్పాలి. మేనేజరు వచ్చే లోపల మాలో ఒకరు లోపలికి వెళ్ళి చూసి వచ్చినారు. రీల్లో ఉన్న నీలం ఎక్కడా లేదు. నీళ్ళు పచ్చగా, మబ్బుగా ఉన్నాయి, మూడో మెట్టు తర్వాత అడుగు కనపడలేదు. పూల్ అడుగు కనపడలేదంటే మునిగిన పిల్లోడు కూడా కనపడడు, అంత కంటే చెప్పక్కర్లేదు. లోతు ఎంతో గోడ మీద ఎక్కడా రాయలేదు. తక్కువ లోతు వైపు నీళ్ళు లాక్కునే రంధ్రానికి జాలీ మూత లేదు, అరచేయి పట్టేంత గుండ్రటి ఖాళీ. మోటారు నడుస్తుంటే అది చిన్న పిల్లల జుట్టునో, చేతినో, ఒంటినో పట్టి ఉంచేస్తుంది, పెద్దవాళ్ళు లాగినా రాదు. మోటారు ఆపితేనే వదులుతుంది. కాబట్టి ఏ ఫార్మ్ స్టేకి పోయినా ముందు ఆ మూత ఉందా చూడండి, మోటారు స్విచ్ ఎక్కడుందో అడిగి కనుక్కోండి, ఆ తర్వాతే పిల్లల్ని దింపండి.

నీళ్ళు ఫిల్టరులో తిరుగుతున్నాయా, ఊరికే బోరు నీళ్ళు నింపి వారానికోసారి మారుస్తున్నారా అని కూడా అడగండి. ఫిల్టరు లేని పూల్లో శనివారం పొద్దున బాగున్న నీళ్ళు సాయంత్రానికి, యాభై మంది దిగినాక, పనికిరావు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళకు ఒకటి నుంచి మూడు పాళ్ళు) మధ్య, నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. చుక్కలు వేసి రంగు చూసే చిన్న టెస్ట్ కిట్ ఉంటుంది, సరిగ్గా నడిపేవాళ్ళ దగ్గర అది కచ్చితంగా ఉంటుంది, చూపించమంటే చూపిస్తారు. ఘాటుగా వాసన వస్తోంది కాబట్టి మందు బాగా వేసినారు అనుకోకండి. ఆ ఘాటు క్లోరిన్ చెమటతో, ఉచ్చతో కలిసినప్పుడు వచ్చేది. పిల్లల కళ్ళు ఎర్రబడేదీ దాంతోనే. అంటే మందు చాలడం లేదని.

వీళ్ళకు ఇంత ధైర్యం ఎందుకంటే ఆ దారి అట్లాంటిది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ రోడ్డు, నేరబైలు దాటి అక్కడికి చేరే సరికి పిల్లలు ఒకసారి వాంతి చేసుకుని, ఆకలితో ఉంటారు. చుట్టుపక్కల వేరే రూములు దొరకడం కష్టం, ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం. చీకటి పడినాక పిల్లలతో ఆ ఘాట్‌లో తిరిగి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు. అప్పుడు ఇంకో పదివేలు అడిగినా కట్టేస్తారని వాళ్ళ లెక్క. మేము రెండున్నరకే చేరినాం కాబట్టి తిరిగి రాగలిగినాం. సాయంత్రం ఆరుకు చేరి ఉంటే మేమూ కట్టేసేవాళ్ళమే. అందుకే మధ్యాహ్నం లోపలే చేరండి, పక్కన ఇంకో చోటు ఫోన్ నంబరు ముందే రాసి పెట్టుకోండి.

నిజానికి తలకోన జలపాతానికి రాత్రి అక్కడ ఉండాల్సిన పనే లేదు. 60 కిలోమీటర్ల లోపు దూరం, పొద్దున ఆరుకు బయల్దేరితే జలపాతం, సిద్ధేశ్వర స్వామి గుడి చూసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు. ఎక్కువ వానలు పడితే జలపాతం దగ్గరికి అటవీ శాఖ వాళ్ళు పంపరు, కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పోయేవాళ్ళు ముందు కనుక్కోండి. పిల్లలకు ఒక పూట మార్పు చాలనుకుంటే చంద్రగిరి కోట ఉంది, రాజమహల్ మ్యూజియం శుక్రవారం తప్ప తెరిచి ఉంటుంది. వీటికి ఎవరికీ అడ్వాన్స్ వేయక్కర్లేదు.

ఫిర్యాదు విషయం. డబ్బు వేసినాక నంబరే పని చేయకపోయినా, అక్కడికి పోతే అసలు ఆ చోటే లేకపోయినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆగే వీలు అంత ఎక్కువ. మా లాగా చోటు ఉండి, చెప్పింది ఇవ్వకపోతే అది వినియోగదారుల కేసు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. గేటు దగ్గర నోటు పుస్తకంలో రాసిన ఆ లెక్కను ఫోటో తీసినాం, అది ఒక్కటీ మా చేతిలో ఉంది.

అడ్వాన్స్ 20 శాతం మించి వేయకండి. రేపో ఎల్లుండో ఎక్కడికైనా దిగబోతున్నవాళ్ళు, ఇది చదవడం ఆపి ఇప్పుడే ఆ చాట్ తెరిచి పై నుంచి కింద దాకా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. బుక్ చేసి ఇంకా రెండున్నర రోజులు దాటకపోతే అవి ఏ క్షణమైనా పోవచ్చు.